ఛత్రాక పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

వ్యాఖ్యానం రాయాలని వ్యాఖ్యాతకు దురద పుట్టింది. చేతిలో మూలం లేదు. పూర్వులు కావ్యం దొరికాక టీకకు కూర్చునేవారు. ఈయన ముందు టీకకు కూర్చుని, తర్వాత పద్యం తానే కట్టుకున్నాడు. కనుక కవిహృదయం గురించి వాదానికి వచ్చేవారు గెలవలేరని మనవి. ఆధారం లేని మాట రాయనని నియమం పెట్టుకున్న మెదక్ సీమ మహానుభావుడు కోలాచలం మల్లినాథసూరికి నమస్కరించి, ఆ నియమం చేతనైనంత వరకు పాటిస్తూ, తొలకరిలో పుట్టగొడుగుల వెంట తిరిగే ఔత్సాహికుల మేలు కోరి ఈ టీక మొదలుపెడుతున్నాడు.

మూలం (ఆటవెలది)

పుట్ట మీద లేచె బుడిబుడి గొడుగులు
ఉరుము విన్న మరుసటుదయమందు
ఎరిగినట్టి చేయి ఏరినదే కూర
ఎరుగనట్టిదాని నెత్తబోకు

ప్రతిపదార్థం

ఉరుము విన్న మరుసటి ఉదయమందు = ఉరుము వినపడ్డ మర్నాడు పొద్దున్నే; పుట్ట మీద = చెదలు కట్టిన మట్టిదిబ్బ మీద (పాము ఇందులో అద్దెకుండేదే తప్ప ఇల్లు కట్టినది కాదు); బుడిబుడి గొడుగులు = పొట్టి పొట్టి పుట్టగొడుగులు, తెలంగాణ వాడుకలో పుట్టకొక్కులు; లేచెన్ = మొలిచాయి; ఎరిగినట్టి చేయి = ఏళ్ల తరబడి చూసి, తవ్వి, వాసన పట్టి తెలుసుకున్నవారి చేయి; ఏరినదే = ఏరి తెచ్చినది మాత్రమే; కూర = కూర (దీనికి టీక అక్కర్లేదు, అన్నం ఉంటే చాలు); ఎరుగనట్టిదానిన్ = ఏదో తెలియని గొడుగును; ఎత్తన్ పోకు = ఎత్తుకోవద్దు. ఈ చివరి పదం మీద పెద్ద వివాదం ఉంది. దాని సంగతి దాని చోట చెబుతాం.

తాత్పర్యం

వాన పడగానే గొడుగులు లేస్తాయి. తెలిసినవారు తెచ్చింది వండుకో. తెలియనిదాని జోలికి పోకు. ఇంతే. ఇంత చిన్న మాటకు అంత పద్యం ఎందుకని అడిగేవారు కింది విశేషాలు చదవగలరు.

విశేషాలు

1. "పుట్ట మీద". పుట్టకూ గొడుగుకూ బంధుత్వం కవి కల్పించినది కాదు. చెదలు ఎండుటాకులూ కట్టెముక్కలూ తిని, ఆ మలంతో పుట్ట లోపల తేనెపట్టులాంటి దిమ్మెలు కట్టి, వాటి మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. ఆ శిలీంధ్రం కట్టెను అరిగిస్తుంది, చెదలు దాన్ని తింటాయి. వర్షాకాలం రాగానే ఆ పంటే నేల చీల్చుకుని గొడుగై పైకి వస్తుంది. ఈ ప్రజాతికి పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే ఎయిమ్, 1942లో. మనిషి బటన్‌నూ పాల పుట్టగొడుగునూ షెడ్డుల్లో పండించగలిగాడు గాని, చెదల సాయం లేకుండా దీన్ని వ్యాపారంగా పండించడం ఇప్పటికీ చేతకాలేదు. అందుకే ఏజెన్సీ సంతల్లో ఇది వచ్చినప్పుడే దొరుకుతుంది, అడిగినప్పుడు దొరకదు.

శంక: అయితే పుట్ట మీద మొలిచినదల్లా కూరేనా? సమాధానం: కాదు. పొడాక్సిస్ అనే మరో శిలీంధ్రమూ పుట్టల మీదే నిలబడుతుంది. అది గొడుగు విప్పదు. ముదిరితే లోపలంతా నల్లటి పొడి. చెదలు వదిలేసిన పాత పుట్టల్లోంచి జైలేరియా అనే ఇంకో శిలీంధ్రం నల్లటి పుల్లల్లా పొడుచుకు వస్తుంది. కనుక ఇంటి చిరునామా ఒక్కటే చూసి పిల్లనివ్వరాదని సిద్ధాంతం.

2. "ఉరుము విన్న". గొడుగులకు చెవులు లేవు గదా అని వైయాకరణులు ఆక్షేపించారు. విన్నది మనుషులేనని అన్వయించుకుంటే సరి. ఉరుముకు శిలీంధ్రాలను మొలిపించే శక్తి ఉన్నదని మేఘసందేశంలో కాళిదాసు యక్షుడి నోట పలికించాడు. ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసింది మన మల్లినాథుడే. గ్రీకు దేశంలో ప్లూటార్కు కూడా భూమిలో పెరిగే ట్రఫుల్‌లకు ఉరుముతో ఏం పని అన్న చర్చ రాసిపెట్టాడు. జపాన్‌లోని ఇవాతె విశ్వవిద్యాలయం వారు అధిక వోల్టేజి విద్యుత్తును క్షణకాలం తగిలించి చూస్తే కొన్ని పుట్టగొడుగుల దిగుబడి పెరిగింది. అయినా పల్లెవాసికి ఇంత దూరం పోనక్కర్లేదు. ఉరుము వెంట వాన, వాన వెంట తేమ, తేమ వెంట గొడుగు.

3. "బుడిబుడి". ఈ మాట నడకలకు వాడతాం, నడవని గొడుగులకు ఎట్లా చెల్లుతుంది? మొగ్గ దశలో గుండ్రంగా, పొట్టిగా ఉండి, పొద్దెక్కేసరికి విచ్చుకునే తీరు చూసి కవి వాడాడు. రాత్రికి రాత్రే మొలిచిందని జనం అనుకుంటారు గాని, మొగ్గ అంతకుముందే నేలలో తయారై ఉంటుంది. వాన పడ్డాక దాని కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, అంతే. అసలు జీవి నేలలో పరుచుకున్న దారాల అల్లిక. మనం చూసే గొడుగు దాని కాయ.

4. "చేయి". ఎరిగిన "కన్ను" అనక "చేయి" అనడంలో కవి చమత్కారమంతా ఉంది. పైనుంచి తీసిన ఫొటోలో టోపీ తప్ప ఏమీ కనపడదు. చేతితో మొదలు దాకా తవ్వాలి. పుట్ట మీది టెర్మిటోమైసిస్ గొడుగుకు కాండం కింద సన్నని వేరులాంటి తోక ఉంటుంది. తెగకుండా తవ్వుకుంటూ పోతే అది లోపల చెదల దిమ్మె దాకా తీసుకుపోతుంది. అదే ప్రాణాంతకమైన అమానిటా జాతి గొడుగైతే మొదట్లో తెల్లటి సంచి కనపడుతుంది. పైకి పీకేసినవాడు ఆ సంచిని మట్టిలోనే వదిలి, అపాయం మాత్రం ఇంటికి తెచ్చుకుంటాడు.

ఇంటికి వచ్చాక ముద్ర తీయాలి. కాండం కోసేసి, టోపీని రేకులు కిందికి ఉండేట్టు సగం తెలుపు, సగం నలుపు కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేస్తే సిద్ధబీజాలు రాలి రంగు చెబుతాయి. టెర్మిటోమైసిస్ లేత గులాబి, వరిగడ్డి పుట్టగొడుగు గులాబి, అమానిటా తెలుపు, సిరాగొడుగు నలుపు. వానాకాలం పచ్చిక బయళ్లలో తెల్లగా, చూడముచ్చటగా లేచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ ముద్ర ఆకుపచ్చన. తిన్నవారికి కొద్ది గంటల్లోనే వాంతులు. అట్లాగని గులాబి పడినదల్లా కూర కాదు, విషపు ఎంటొలోమాలదీ గులాబి ముద్రే. ఒక్క పదం చూసి పద్యానికి అర్థం చెప్పరాదు, ఒక్క గుర్తు చూసి గొడుగుకు పేరు పెట్టరాదు.

5. "ఎత్తబోకు". ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు పక్షాలు. చేత్తో ఎత్తడమే తప్పని ఒక పక్షం. కుండలోకి ఎత్తడం తప్పని రెండో పక్షం. ముట్టుకున్నంత మాత్రాన అమానిటా విషం ఒంటికెక్కదు గనుక రెండోదే గ్రాహ్యం. ఔత్సాహికుడి బతుకంతా ఈ అర్థం మీదే ఆధారపడి ఉంది. తినకుండా ఎరగడమే ఒక భోగం. పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ శిలీంధ్రాలను అచ్చుగుద్దినట్టు చిత్రించింది. అమెరికన్ సంగీతకర్త జాన్ కేజ్ 1959లో ఇటలీ టీవీ పోటీలో పుట్టగొడుగుల ప్రశ్నలకు జవాబులు చెప్పి 50 లక్షల లీరాలు గెలిచాడు.

ప్రక్షిప్తాలు

కొన్ని ప్రతుల్లో అదనపు పాదాలు కనిపిస్తాయి: విషపుదైతే వెండి చెంచా నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని, పురుగు కొరికినది మనిషికీ మంచిదని, బాగా ఉడికిస్తే విషం పోతుందని. ఇవన్నీ ఎవరో చేర్చినవి. అమానిటా విషానికి వెండితో పేచీ లేదు, పొయ్యి అంటే భయమూ లేదు. నత్తలు దాన్ని తిని హాయిగా పాకుతాయి. ఈ పాదాలను పరిష్కర్తలు నిర్దాక్షిణ్యంగా కొట్టివేయాలి.

అలంకారం

ఒకదాన్ని చూసి మరొకటనుకుంటే భ్రాంతిమదలంకారం. ఇదో అదో తేలకపోతే సందేహాలంకారం. కావ్యంలో రెండూ సమానమే, అడవిలో కాదు. ఆసియా దేశాల నుంచి వెళ్లినవారు కాలిఫోర్నియాలో అమానిటా ఫాలోయిడిస్‌ను చూసి తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగే అనుకుని వండుకున్న ఉదంతాలు వైద్యపత్రికలకెక్కాయి. రెండింటికీ మొదట్లో సంచి ఉంటుంది మరి. అక్కడ ఉంటున్న మన తెలుగువారు ఈ అలంకారాన్ని శ్రద్ధగా చదువుకోవాలి. ఔత్సాహికుడికి సందేహమే అలంకారం. భ్రాంతి ఆస్పత్రి దారి.

ఫలశ్రుతి

మనుస్మృతి అయిదో అధ్యాయం ఛత్రాకాన్ని, అంటే పుట్టగొడుగును, ఉల్లి, వెల్లుల్లి పక్కన చేర్చి ద్విజులకు నిషేధించింది. ఆ నిషేధాన్ని ఉల్లి ఎంత బాగా దాటివచ్చిందో ప్రతి వంటింటికీ తెలుసు. గొడుగుకు మాత్రం మనువు అడ్డు లేకపోయినా జాగ్రత్త అడ్డు ఉండాలి. పుస్తకమూ ఫోను యాప్‌లూ పేరు సూచిస్తాయి, పూచీ పడవు. మీ ఊళ్లో ఏటా ఏరేవారి వెంట రెండు మూడు వర్షాకాలాలు నడవండి. తవ్వండి, ముద్రలు తీయండి, బొమ్మలు గీయండి. సందేహం తీరనిది కుండలో వేయకండి. తిన్నాక ఎవరికైనా తేడా చేస్తే, వాంతులు తగ్గాయి గదా అని ఇంట్లో కూర్చోవద్దు. అమానిటా విషం ఆరు గంటలు దాటాక బయటపడి, మధ్యలో నయమైనట్టు కనిపించి, ఆ తర్వాత కాలేయాన్ని పట్టుకుంటుంది. మిగిలిన గొడుగు ముక్కను కాగితంలో చుట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.