చేపల గైడు కాబోయే తమ్ముడికి

సాగర్, బుగ్గవాగు, పులిచింతల ఇన్ని నీళ్లున్న పల్నాడులో పుట్టి, ఇంకా మిరపతోటకు మందు కొడతావేంటి తమ్ముడూ? ఖరీదైన గాలాలతో పట్నం కార్లు దిగుతుంటే నువ్వు గైడువి అయిపో. నీళ్లు నీకు తెలుసు, వాళ్లకు తెలియదు. పెట్టుబడి అంతే.

ముందు కొర్రమేను సంగతి. వానలు పడ్డాక గుర్రపుడెక్క పక్కన సన్నపిల్లలు ఎర్రటి ముద్దలా తేలుతూ మునుగుతూ కనబడతాయి. కిందనే పెద్దచేపల కాపలా. ఆ దరికి ఏదొచ్చినా మీదపడి కరుస్తాయి, ఆకలి ఉన్నా లేకపోయినా. రబ్బరు కప్పను సరిగ్గా ఆ ముద్ద మీదే వేయించు. పొద్దంతా విసిరినా పడని చేప ఇట్టే పడుతుంది, నీ పేరు మాచర్ల దాటుతుంది. పిల్లలంటావా, వాటి సంగతి జెల్లలూ కొంగలూ చూసుకుంటాయి.

‘పట్టి వదిలేస్తాం’ అనే పార్టీ వస్తే బెంగపడకు. కొర్రమేను గాలి కూడా పీలుస్తుంది కదా! కాబట్టి ఎండకు కాలిన రాతిమీద పడుకోబెట్టు, మొప్పల్లో వేళ్లు దూర్చి ఎత్తు, అందరి ఫోన్లలోకీ ఎక్కనివ్వు. తర్వాత ఎక్కడ వీలైతే అక్కడ నీళ్లలోకి విసిరెయ్. పిల్లల దగ్గరికి దారి అదే వెతుక్కుంటుంది.

కృష్ణకు కొత్తనీరొచ్చి బొచ్చె, శీలావతి ఎదురెక్కే రోజుల్లో రేటు పెంచు. కడుపునిండా జన ఉన్న చేప తూకానికి బాగుంటుంది, ఫొటోకీ బాగుంటుంది. గుడ్లు పోతాయని ఎవరైనా నసిగితే, సర్కారు చేపపిల్లల్ని వదులుతోందిగా అను. వాళ్లు వదిలేది ఎక్కువగా బొచ్చె, శీలావతి, మోసు అనీ, చెరువులో కొర్రమేను తన సంతానాన్ని తానే కాచుకోవాలనీ చెప్పావో, బేరం చెడుతుంది.

అలివి వల వేలెడు పిల్లను కూడా ఊడ్చుకుపోతుంటే అటు చూడకు. నీది గాలం, నీకు వలలతో ఏం పని? క్వారీ జిలెటిన్ నీళ్లలో పేలినా అంతే. చేపలకోసం నీళ్లలో మందు పేల్చకూడదు, విషం కలపకూడదు అని 1897లోనే చట్టం చేశారు. అంత వయసున్నదాన్ని నిద్రలేపడం మర్యాద కాదు.

చేప పడని రోజున డ్యామును తిట్టించు. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో, దానికి తిట్లు అలవాటే. అడ్వాన్సు మాత్రం ఈ ఏడాదికే పుచ్చుకో తమ్ముడూ, వచ్చే ఏటి బుకింగులకు నేను పూచీ కాదు.