రోహిణి కార్తెలో ఓవర్‌క్లాకింగ్

ఫోన్లో ప్రాసెసర్ ఎంత వేగంగా నడవాలో తయారుచేసిన కంపెనీ ఒక అంకె నిర్ణయించి పంపుతుంది. ఆ అంకె వేయడంలో కంపెనీ పిసినారితనం చూపించిందనీ, అసలు సత్తువంతా లోపల దాచేసిందనీ, బూట్‌లోడర్ తాళం తీసి, రూట్ చేసి, కొత్త కెర్నల్ ఎక్కించి అంకె పెంచితే పదిహేను వేల ఫోన్ కాస్తా లక్ష రూపాయల ఫోన్‌లా పరుగెడుతుందనీ నమ్మే మతం ఒకటుంది. దాని పేరు ఓవర్‌క్లాకింగ్. ఎక్కడో బెంగళూరులో చల్లటి గదిలో కూర్చుని ఈ మతం పుచ్చుకున్నవాళ్ల సంగతి మనకెందుకు గానీ, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే సీమలో, అదీ ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లాలో, రాతికొండ పగలంతా కాగి రాత్రంతా సెగలు కక్కే వినుకొండలో కాపురముంటూ, జేబులో ఉన్న వస్తువును ఇంకాస్త కాల్చుదామనుకునేవాళ్ల గుండెధైర్యానికి మాత్రం దండం పెట్టాలి. పల్నాడు వీరులకు పుట్టినిల్లే, ఒప్పుకుంటాం. కానీ పల్నాటి యుద్ధంలో కారంపూడిలో పోరాడినవాళ్లకు కనీసం ఎదుట శత్రువున్నాడు.

ఈ విశ్వాసానికి ఒకప్పుడు ఆధారం లేకపోలేదు. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌లో 528 మెగాహెర్ట్జ్‌కు తగిన చిప్ పెట్టి, బ్యాటరీ ఆదా కోసం 384 దగ్గరే కట్టేశారు. మరుసటి ఏడాది మోటరోలా డ్రాయిడ్‌ను 550తో అమ్మితే కుర్రాళ్లు దాన్ని 1000 దాకా లాగి చూపించారు. మెనూ తెరవడానికే ఫోన్ ఆపసోపాలు పడే ఆ రోజుల్లో అది కంటికి కనిపించిన లాభం, కాదంటే అన్యాయం. అయితే ఆ మిగులు ఇప్పుడెక్కడుంది? కంపెనీలే అడుగంటా గీకి అమ్ముకుంటున్నాయి. 2019లో స్నాప్‌డ్రాగన్ 855 చిప్‌లో అతివేగం కోర్ 2.84 గిగాహెర్ట్జ్, కొద్ది నెలలకే దాన్ని 2.96 చేసి ‘855 ప్లస్’ అన్నారు. 2023లో శాంసంగ్ కోసం స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2ను 3.2 నుంచి 3.36కు పెంచి ‘ఫర్ గెలాక్సీ’ అని బిరుదు తగిలించారు. లెక్క వేస్తే నాలుగైదు శాతం. చిప్ గుట్టుమట్లన్నీ తెలిసినవాళ్లు, కొత్త పేరు పెట్టి మరీ పిండగలిగింది అంతే. మనవాడు మాత్రం పావుగంట వీడియో ఒకటి చూసి ముప్పై శాతం పెంచేశానంటాడు.

వేగంతో సమానంగానే కరెంటు ఖర్చు పెరిగితే పేచీ లేదు. వేగం పెంచాలంటే చిప్‌కిచ్చే వోల్టేజీ కూడా పెంచాలి, అక్కడుంది మెలిక. ఖర్చు వేగంతో ఒకసారి, వోల్టేజీతో రెండుసార్లు గుణించుకుంటూ పోతుంది. రెండూ చెరో 10 శాతం పెంచారనుకోండి, 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.33. చేతికొచ్చే వేగం మహా అయితే 10 శాతం, పుట్టే వేడి 33 శాతం. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఇదే పని సలక్షణంగా సాగుతోంది కదా అనేవారికి జవాబు ఇక్కడే ఉంది: ఆ పెట్టెలో అరచేయంత ఫ్యాను, దాని కింద లోహపు రేకుల దొంతర, కొన్నింట్లో నీటి గొట్టాలు కూడా ఉంటాయి. ఫోన్‌కున్నది వీపొక్కటే. ఆ వీపు మీది వేడి గాలిలోకి పోవాలంటే గాలి దానికన్నా చల్లగా ఉండాలి. మే నెల మిట్టమధ్యాహ్నం వినుకొండ బస్టాండులో గాలి 43 డిగ్రీలు, ఫోన్ వీపు 44 అనుకుందాం. లోపలి సెగ ఏ దిక్కుకు పోవాలి? ఐఫోన్‌ను 35 డిగ్రీలు దాటని చోటే వాడమంటుంది ఆపిల్. ఆ లెక్కన ఏప్రిల్ వచ్చిందంటే మన ఊళ్లో ఏమీ చేయని ఫోన్ కూడా సాహసయాత్రలో ఉన్నట్టే. పోనీ ఆ వీపైనా ఖాళీగా ఉంటుందా? లావుపాటి రబ్బరు పౌచ్, పౌచ్ లోపల మడత పెట్టిన వంద నోటు, ఏటీఎం కార్డు, వెంకన్న బొమ్మ. కింద చార్జర్ వైరు, తెర మీద తుపాకుల ఆట. చార్జింగ్‌లో ఉండగా వేడెక్కడం లిథియం బ్యాటరీకి బొత్తిగా పడదు. ఆయుష్షు తగ్గుతుంది, ముదిరితే పొట్ట ఉబ్బి వెనక మూతను తోసుకొస్తుంది.

ఇంతా చేస్తే ఆ పెరిగిన వేగమైనా నిలుస్తుందా అంటే అదీ లేదు. వేడి హద్దు దాటగానే ఫోన్ యజమానిని అడక్కుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. థ్రాటిలింగ్ అంటారు దీన్ని. ఓవర్‌క్లాక్ చేసిన ఫోన్ ఆ హద్దును ముందే తాకుతుంది, తాకి ముందే చతికిలబడుతుంది. బండలాగుడు పందెం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒంగోలు గిత్తల జత మొదటి ఊపులో ఎంత ఉరికిందని ఎవరూ టేపు పట్టుకుని కొలవరు. ఇచ్చిన సమయం పూర్తయ్యేసరికి ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. స్కోర్లు చూపించే యాప్‌లు కొద్ది నిమిషాల్లో ముగుస్తాయి, ఆట గంటసేపు సాగుతుంది. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకునేది ఆ కొద్ది నిమిషాల వైభవాన్నే. ఈ కిటుకు పెద్ద కంపెనీలకూ తెలుసు. గెలాక్సీ ఎస్4 గ్రాఫిక్స్ చిప్ మామూలు ఆటలకు 480 మెగాహెర్ట్జ్ దాటదనీ, స్కోరు యాప్ తెరిస్తే మాత్రం 532 అందుకుంటోందనీ 2013లో ఆనంద్‌టెక్ వెబ్‌సైట్ బయటపెట్టింది.

‘అదే కదా మేమనేది, కంపెనీలు దొంగలు, వేగాన్ని కావాలనే తొక్కిపెడతాయి’ అంటారు ఓవర్‌క్లాకర్లు. నిజమే, తొక్కిపెట్టాయి. పాత ఐఫోన్ల వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. చెప్పకుండా చేసినందుకు 2020లో ఫ్రాన్స్‌లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా కట్టింది, అమెరికాలో 50 కోట్ల డాలర్ల వరకు ఇచ్చి రాజీపడింది. 2022లో శాంసంగ్ యాప్‌ల వేగానికి గుట్టుగా కళ్లెం వేసిందని తేలితే స్కోరు యాప్ గీక్‌బెంచ్ ఆ ఫోన్లను జాబితా నుంచే తీసేసింది. దాచినందుకు పడ్డ మొట్టికాయలు న్యాయమైనవే. కానీ ఆపిల్ ఎందుకు తగ్గించింది? ముసలి బ్యాటరీ ఒక్కసారిగా అడిగినంత కరెంటు ఇవ్వలేక ఫోన్ టపీమని ఆరిపోతున్నందుకు. ఫ్యాక్టరీ పెట్టిన వేగాన్నే మోయలేకపోయిన బ్యాటరీని చూపించి ఇంకో మోపు ఎక్కిద్దామని వాదిస్తున్నారన్నమాట. సాక్షిని పిలిచింది ఓవర్‌క్లాకరే, వాంగ్మూలం మాత్రం ఎదుటి పక్షానికి ఉపయోగపడింది.

ఈ ముచ్చటకు కట్టే సుంకం వేరే ఉంది. బూట్‌లోడర్ తాళం తీసే ఆ ఒక్క అడుగులోనే ఫోన్లోని ఫొటోలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. శాంసంగ్ ఫోన్లలో ఎక్కించింది కంపెనీ సాఫ్ట్‌వేర్ కాకపోతే నాక్స్ అనే ఫ్యూజు కాలుతుంది, మళ్లీ ఏ మెకానిక్కూ అతికించలేడు. రూట్ చేసిన ఫోన్‌ను చాలా బ్యాంకు యాప్‌లు గుమ్మం తొక్కనివ్వవు. మూడు గిగాహెర్ట్జ్ చేతిలో పట్టుకుని టీ కొట్టు ముందు క్యూఆర్ కోడ్ వంక బిక్కమొహం వేసి, పది రూపాయలకు పక్కవాడి ఫోన్ అడుక్కోవడం కొండనాలుకకు మందేసినవాడి పరిస్థితే. ఇంతకీ ఆ ఫోన్ నత్తనడక నడిచిందెందుకు? చాలాసార్లు ప్రాసెసర్ నిర్దోషి. మెమరీలో చోటు లేదు. ఉన్నదంతా గులాబీల మీద రాసిన శుభోదయాలూ, ఎవరిదో తెలియని పెళ్లి వీడియోలూ ఆక్రమించాయి. ఆటలో మనవాడు గురిపెట్టేలోపే చచ్చిపోవడానికి కారణం సిగ్నల్; ఏ కెర్నలూ టవర్‌ను ఇంటి దగ్గరికి జరపలేదు.

‘నా ఫోన్, నా ఇష్టం’ అన్న మాటకు మాత్రం ఎదురు చెప్పేదేమీ లేదు. డబ్బు పెట్టి కొన్నవాడికి విప్పి చూసే హక్కుండాలి, తాళాలు బిగించే కంపెనీలదే అక్కడ తప్పు. చిప్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారీ లేదు. అయితే అదే విద్యను అటునుంచి నడిపి చూడండి: వేగం, వోల్టేజీ చెరో 10 శాతం తగ్గిస్తే 0.9ని మూడుసార్లు గుణించాలి, ఖర్చు 27 శాతం పడిపోతుంది. ఎండాకాలంలో గంటసేపు ఆడాల్సినవాడికి పనికొచ్చేది అదే. కాకపోతే ‘నా ఫోన్ వేగం తగ్గించానోచ్’ అని స్టేటస్ పెట్టుకునే మొనగాడు ఇంకా పుట్టలేదు. బ్యాంకు యాప్ లేని, బీరువాలో పడి ఉన్న పాత ఫోన్ తీసి, పౌచ్ ఊడదీసి, చార్జర్ పీకి ప్రయోగం చేసుకునేవాళ్లతో నాకు తగవేమీ లేదు. డిసెంబరులో మొదలుపెట్టుకోండి, సంక్రాంతికల్లా ముగించండి.