ఆవిరి మామ

మత్తూరు బస్టాండులో పక్కనుంచి మామిడిపండు వాసన గుప్పుమంటే, కాయలు ఎత్తుకుపోయే టెంపో వచ్చిందనుకుని వెనక్కి తిరిగి చూడకండి. అక్కడ నిలబడి ఉండేది ఆవిరి మామ. గుప్పిట మూసి, ముక్కు తుడుచుకున్నట్టుగా నోటి దగ్గరికి తీసుకుపోయి, తిరువణ్ణామలై బస్సు వస్తోందేమో చూస్తున్నట్టు మెడ అటు తిప్పి, తెల్లటి మబ్బొకటి వదులుతాడు. ఆ మబ్బుకూ తనకూ ఏ సంబంధమూ లేనట్టు పక్కవాడికంటే ముందు తనే ఆశ్చర్యంగా దానివైపు చూస్తాడు.

ఆవిరి మామ అంటే ఒక్క మనిషి కాదు. మత్తూరులో ఒకరుంటే కృష్ణగిరి రౌండానాలో ఇద్దరుంటారు, హోసూరు సిప్‌కాట్ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర షిఫ్టుకు నలుగురు తేలతారు. యాభై దాటిన వయసు, ముప్పై ఏళ్ల పొగ, బెంగళూరులో ఉద్యోగం చేసే అల్లుడు. ఈ మూడూ ఒకచోట చేరితే ఆవిరి మామ తయారైనట్టే. అల్లుడు లేని వాళ్లకు మేనల్లుడు సరిపోతాడు.

మత్తూరు మామ పొగచరిత్ర చాలా నిష్ఠగా సాగింది. మొదట తాత బీడీకట్టలోంచి ఎత్తుకున్న బీడీ, చింతతోపులో. మీసం వచ్చాక సిజర్సు. పెళ్లిలో బావమరుదులు పెట్టిన మర్యాద వల్ల గోల్డ్‌ఫ్లేకు. అక్కడినుంచి కిందికి దిగలేదు. అప్పు చేసినా గోల్డ్‌ఫ్లేకే. సిగరెట్టును గాల్లోకి ఎగరేసి పెదాలతో పట్టుకునే విద్య కోసం మాత్రం పదో తరగతి పరీక్షలను పణం పెట్టాడు. రజనీకాంత్ పూర్వికుల ఊరు నాచికుప్పం మా కృష్ణగిరి జిల్లాలోదే కాబట్టి మామ తరం వాళ్లు ఆ విద్యను సినిమావాళ్ల దగ్గర నేర్చుకున్నదిగా కాక, జిల్లా ఆస్తిగా లెక్కేసుకున్నారు. పరీక్ష పోయింది. విద్య నిలిచింది.

2002లో 'బాబా' సినిమా వచ్చినప్పుడు అందులోని సిగరెట్టు మీద డాక్టర్ రామదాసు, ఆయన పార్టీ పెద్ద గొడవ చేశారు. ధర్మపురి, కృష్ణగిరి వైపు ఆ పార్టీకి బలం ఎక్కువ. తర్వాత ఆయన కొడుకు అన్బుమణి కేంద్రంలో ఆరోగ్యశాఖ మంత్రి అయ్యాడు. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశమంతా బహిరంగ స్థలాల్లో పొగతాగడం మీద నిషేధం అమల్లోకి వచ్చింది, జరిమానా 200 రూపాయలు. మామకు ఇది రెండిళ్ల మధ్య గట్టు తగాదాలా తోచింది. "నాయన సినిమాలో తగులుకొనె, కొడుకు టీ అంగట్లో తగులుకొనె. నేను వాళ్లకు ఏం చేసినానప్పా?" అని టీ అంగట్లోనే కూర్చుని, సిగరెట్టు కాలుస్తూ, అడిగేవాడు.

చట్టం వల్ల కానిది మనవరాలి వల్ల అయింది. కూతురు కాన్పుకు వచ్చింది. బిడ్డను ఎత్తుకోబోయిన మామను గడప దగ్గరే ఆపి, "నాయనా, ఆ వాసనతో బిడ్డ దగ్గరికి రావద్దు" అంది. మామ చేతులు కడుక్కున్నాడు, జామాకు నమిలాడు, చొక్కా మార్చాడు. కూతురు ముక్కు దేన్నీ ఒప్పుకోలేదు. మూడోరోజు అల్లుడు, మామను పక్కకు పిలిచి, బొటనవేలంత వస్తువొకటి చేతిలో పెట్టాడు. లేత నీలం, గులాబీ కలిసిన రంగు. మామ దాన్ని మనవరాలి ఆటవస్తువు అనుకుని ఉయ్యాల వైపు నడిచాడు.

అది వేప్ అని, లోపల బ్యాటరీ ఉంటుందని, పీలిస్తే చిన్న తీగచుట్ట వేడెక్కి దూదిలోని ద్రవాన్ని ఆవిరి చేస్తుందని, ఆ ద్రవంలో గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నికోటిన్, వాసనకు ఏదో ఒక రసాయనం ఉంటాయని అల్లుడు వివరించాడు. అంతే. అల్లుడు చెప్పింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల చదువును మామ ఇప్పటికీ ఊరికి పంచుతూనే ఉన్నాడు.

మామలోని పండితుడు పుట్టింది అక్కడే. ముప్పై ఏళ్లు సిగరెట్టు కాల్చినప్పుడు దాని గురించి ఒక్క మాట మాట్లాడని మనిషి, వేప్ చేతికి రాగానే ఉపన్యాసకుడు అయిపోయాడు. ఇంట్లో తెలుగులో, టీ అంగట్లో తమిళంలో, బెంగళూరు బస్సెక్కితే అత్తిబెలె దాటిన దగ్గర్నుంచి కన్నడంలో. "పొగ అంటే ఏమిరా? కాలితే వచ్చేది. ఇది కాలేదే లేదు కదా. బూడిద ఏది? తారు ఏది? పోచంపల్లి దగ్గర 500 ఎకరాల్లో కరెంటు బండ్లు చేస్తావుండారు, చూసినావా? పెట్రోలు బండి పోయి కరెంటు బండి వచ్చిండాది. పొగబండి పోయి ఇది వచ్చిండాది." పక్కనున్నవాడు తల ఊపుతాడు. కాదంటే రెండో అధ్యాయం మొదలవుతుంది.

రెండో అధ్యాయం చైనా. హోన్ లిక్ అనే మందుల నిపుణుడు 2003లో దీన్ని కనిపెట్టాడు. ఆయన తండ్రి సిగరెట్లు తాగి తాగి ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయాడు. ఆ దుఃఖంలోంచి ఈ యంత్రం పుట్టింది. ఇదంతా నిజమే. మామ దీన్ని చెప్పేటప్పుడు గొంతు వణుకుతుంది, పోయింది తన చిన్నాయనే అన్నట్టు. కానీ అదే హోన్ లిక్ ఆ తర్వాత కూడా తాను సిగరెట్టు పూర్తిగా వదల్లేదని ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. ఈ భాగం మామ ప్రతిలో లేదు.

మూడో అధ్యాయం ఇంగ్లండు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో, సిగరెట్టు కంటే వేప్ వల్ల హాని దాదాపు 95 శాతం తక్కువని చెప్పింది. మామకు పదో తరగతిలో ఏ సబ్జెక్టులోనూ రాని మార్కులు అవి. అందుకే వాటిని వదలడు. "తొంభై అయిదు!" అని రెండు చేతులూ ఎత్తుతాడు. అదే దేశం ఒకసారి వాడి పారేసే రకం వేపుల అమ్మకాన్ని 2025 జూన్ 1నుంచి ఆపేసిందని ఎవరైనా గుర్తుచేస్తే, "అది చెత్త ఎక్కువైందని" అంటాడు. చెత్త ఒక కారణం, పిల్లలు అలవాటు పడటం ఇంకొకటి. అమెరికాలో 2019-20లో రెండున్నర వేలకు పైగా మనుషులు ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రుల్లో చేరారని, అరవై మందికి పైగా చనిపోయారని చెబితే దానికీ సిద్ధంగా ఉన్నాడు: "అది గంజాయి నూనెలో కలిపిన విటమిను ఈ వల్లరా." అదీ చాలావరకు సరైన మాటే. మామ వాదనల్లో పెద్ద చిక్కేమిటంటే అవి తప్పు కావు. ఇంగ్లండులో ఏది ఎంత కలపాలో ప్రభుత్వం గీత గీసిన సీసా గురించి చెప్పిన మాటను, బెంగళూరు సందులో అల్లుడి స్నేహితుడు కాగితంలో చుట్టి ఇచ్చిన దానికి తగిలించుకుంటాడు, అంతే. దానిలో ఏముందో పెట్టె మీద రాసే ఉంది. చైనా అక్షరాల్లో.

ఇక చట్టం సంగతి. కర్ణాటక 2016లోనే, తమిళనాడు 2018లో వీటిని నిషేధించాయి. 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరులో దాన్ని చట్టం చేసింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలో లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో. నిల్వ పెట్టుకున్నా ఆరునెలల దాకా జైలో యాభై వేల దాకా జరిమానానో, రెండూనో. పుండు బొమ్మ ముద్రించిన సిగరెట్టు ఏ బంకులో అడిగినా ఇస్తారు, 95 శాతం మంచిదానికి జైలు! ఈ న్యాయం మామకు ఎంతకీ మింగుడుపడలేదు. అయినా దానిలోంచి బయటపడే దారి కనిపెట్టుకున్నాడు. "చట్టంలో నిల్వ పెట్టకూడదు అని ఉండాది. నేను నిల్వ పెట్టలేదే, జోబీలో పెట్టుకోనుండాను." మామ ఈ వాదనతో ఇంతవరకు ఏ కోర్టూ ఎక్కలేదు. ఎక్కకపోవడమే మామకు మంచిది. మొత్తానికి ముప్పై ఏళ్లు చట్టబద్ధంగా పాడైన మనిషి, బాగుపడదామని బయలుదేరిన రోజునుంచి పోలీసు జీపు కనబడితే బంకు వెనక్కి పోతున్నాడు.

ఇంట్లో వాళ్లమ్మకు, అంటే అవ్వకు, ఏం చెప్పాలన్నది పెద్ద సమస్య అయింది. కోవిడ్ కాలంలో ఊరంతా దుప్పటి కప్పుకుని పసుపునీళ్ల ఆవిరి పట్టిన జ్ఞాపకం మామను ఆదుకుంది. "ఆవిరి పట్టుకుంటాండానుమా, డాక్టరు చెప్పినాడు" అన్నాడు. అవ్వ నమ్మింది. నమ్మి ఊరుకునే మనిషి కాదు అవ్వ. ముందు నీలగిరి తైలం సీసా తెచ్చి దానిలో రెండు చుక్కలు వేయమంది. తర్వాత వీధి మొత్తానికీ చెప్పింది: నా కొడుక్కు ఆయాసం, గంటగంటకూ యంత్రం పెట్టుకుంటే తప్ప ఊపిరి ఆడదు. నెల తిరక్కుండా మామను పరామర్శించడానికి బర్గూరు నుంచి వియ్యాలవారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మామ వాళ్లముందు దగ్గాల్సి వచ్చింది. సిగరెట్టు కాల్చిన రోజుల్లో నిజంగా దగ్గేవాడు కనుక ఆ పాత్ర బాగానే పండింది.

మామిడి గురించి చెప్పకపోతే మామ కథ సగమే. మామకు నాలుగెకరాల తోట, అంతా బెంగళూరా కాయ. బయటివాళ్లు తోతాపురి అనేది దాన్నే. కృష్ణగిరి అంటేనే మామిడి, ఆ కాయల్లో ఎక్కువ భాగం గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు పోతుంది. ఫ్యాక్టరీలు కొనకపోతే కాయకు గతి లేదు. 2025 వేసవిలో అదే జరిగింది. చిత్తూరు నుంచి కృష్ణగిరి దాకా ధర కుప్పకూలింది. కిలోకు వచ్చే నాలుగు రూపాయలు కోత కూలికే చాలవని చాలామంది కాయను చెట్టుకే వదిలేశారు. మామ కూడా వదిలేశాడు. రాలిన కాయల మధ్య, గట్టు మీద కూర్చుని, అల్లుడికి ఫోను చేశాడు. "పోయినసారి తెచ్చిన పుదీనా వద్దప్పా, గొంతు మండతాది. ఈసారి మామిడి తే."

వచ్చింది. పెట్టె మీద మామిడిపండు బొమ్మ, పండు మీద మంచు. ధర పదిహేను వందలు. అత్త ఆ పెట్టెను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు.

"ఇందులో కాయ ఉండాదా?"

"లేదు. వాసన."

"మన తోటలో వాసన లేదా?"

మామ దగ్గర చైనా అధ్యాయం ఉంది, ఇంగ్లండు అధ్యాయం ఉంది. దీనికి మాత్రం అధ్యాయం లేదు. అత్త మనసులో లెక్క వేసింది: కిలో నాలుగు రూపాయలైతే పదిహేను వందలకు దాదాపు నాలుగు క్వింటాళ్ల కాయ. అంత కాయను మామ జోబీలో పెట్టుకుని బస్టాండుకు పోయాడు.

పోయాడు గానీ అక్కడ మునుపటి సుఖం లేదు. టీ అంగడి స్తంభానికి కొబ్బరితాడు ఒకటి వేలాడుతూ, కొసన ఎర్రగా రగులుతూ ఉండేది చూడండి, మామ స్నేహాలన్నీ ఆ తాడు దగ్గర అయినవే. ఆ నిప్పు కోసం వంగిన రెండు తలలు అడ్వాన్సులు మాట్లాడుకునేవి, సంబంధాలు కుదుర్చుకునేవి, పంచాయతీ యూనియన్ రాజకీయమంతా తేల్చేవి. అగ్గి అడగడానికి పరిచయం అక్కర్లేదు. ఇప్పుడు మామను అగ్గి అడిగేవాడు లేడు. మామకు అడగాల్సిన పని లేదు. ఒకసారి పాతమిత్రుడు మొహమాటానికి "ఒక దమ్ము ఇయ్యిరా" అన్నాడు. ఇచ్చాడు. అతను నోట్లో పెట్టుకుని తీసిన దాన్ని పంచెతో తుడవాలా వద్దా అని మామ పడ్డ అవస్థ చూసి, అతనే మళ్లీ అడగలేదు. ఎగరేసి పట్టే విద్య కూడా పోయింది. అలవాటు కొద్దీ ఒకసారి ఎగరేశాడు. పన్ను విరిగింది. యంత్రానికి ఏమీ కాలేదు.

ఇంకొకటి ఉంది, మామ ఒప్పుకోనిది. సిగరెట్టు అయిపోతుంది. చివరి దమ్ము లాగి, కింద పడేసి, చెప్పుతో నలిపితే ఒక పని ముగిసినట్టు. దీన్ని నలపడానికి లేదు. పొద్దున కళ్లు తెరవకముందే దిండు కింద తడిమి ఒకటి, పళ్లు తోముకునే ముందు ఒకటి, తోముకున్నాక ఒకటి, బాత్రూములో లెక్కలేదు. రోజుకు పది సిగరెట్లు అని పూర్వం గట్టిగా చెప్పే మనిషి ఇప్పుడు ఎన్ని అంటే ఆకాశం చూస్తాడు. పెట్టె మీద ఐదు వేల దమ్ములని ఉంటుంది, నెల వస్తుందని మామ అంచనా. పదిహేనో రోజుకు లైటు ఆరిపోతే తయారుచేసినవాడు దొంగ అంటాడు.

నెలకొకసారి మా వైపు మరమ్మతుల కోసం పొద్దున్నించి సాయంత్రం దాకా కరెంటు ఆపేస్తారు. ముందురోజే పేపర్లో వేస్తారు, మామ ఆ పేజీ తప్ప అన్నీ చదువుతాడు. ఒక షట్‌డౌన్ రోజు పదకొండు గంటలకు యంత్రం మూడుసార్లు ఎర్రగా మినుకుమని ఊరుకుంది. పన్నెండుకు మామ వాకిట్లో తిరగడం మొదలుపెట్టాడు. పన్నెండున్నరకు మనవరాలు ఏడ్చిందని అత్తను కసిరాడు. ఒంటిగంటకు టీ అంగట్లో ఉన్నాడు. అంగడివాడు ఏమీ అడగలేదు, ఏ బ్రాండు అని కూడా. ఒక గోల్డ్‌ఫ్లేకు తీసి గాజు సీసాల మీద పెట్టాడు. మామ తాడు దగ్గర వంగి, లేచి, మొదటి పొగ వదిలి, చుట్టూ ఉన్నవాళ్లకు ప్రకటించాడు: "ఇది లెక్కలోకి రాదు. కరెంటు లేదు కాబట్టి."

ఆ తర్వాత లెక్కలోకి రానివి పెరిగాయి. ఛార్జింగులో ఉన్నప్పుడు ఒకటి, చావింటికి పోయినప్పుడు ఒకటి, ఎందుకంటే అక్కడ మామిడి వాసన బాగుండదు. కుడి జోబీలో యంత్రం, ఎడమ జోబీలో అగ్గిపెట్టె. ఇదెక్కడి గోల అని కూతురు మందుల షాపు నుంచి నికోటిన్ చింగం తెచ్చి పై జోబీలో వేసింది. సిగరెట్టు పెట్టె మీద పొగాకు మానదలచినవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 1800-11-2356 నంబరు చూపించి తనే కలిపి ఫోను చేతికిచ్చింది. అవతలి అమ్మాయి తెలుగే మాట్లాడింది. మామకు హుషారు వచ్చింది. చైనా చెప్పాడు, ఇంగ్లండు చెప్పాడు, తొంభై అయిదు చెప్పాడు. ఆ అమ్మాయి అంతా ఓపిగ్గా విని, "సరే సార్, మానడానికి ఒక తేదీ అనుకుందామా?" అంది.

మామ మూడు జోబీలూ తడుముకున్నాడు.

"ఏది మానేదానికమ్మా?"