లేని భూమికి సర్వే రాళ్లు

మా మామయ్య రిటైర్డ్ సర్వేయరు. ముప్పై ఏళ్లు గొలుసు పట్టుకుని గోదావరి జిల్లాల్లో గట్లన్నీ తొక్కిన మనిషి. ఎవరింటికి వెళ్లినా ముందు ప్రహరీగోడ పక్కింటి స్థలంలోకి ఎంత జరిగిందో చూసుకున్నాకే చెప్పులు విడుస్తాడు. అలాంటాయన మొన్న ఆదివారం మా ఇంటికొచ్చే వేళకి నేను పంపకాల్లో ఉన్నాను.

"ఏం చేస్తున్నావురా అల్లుడూ?"

"డిస్కుని భాగాలు చేస్తున్నాను మామయ్యా."

భాగాలన్న మాట చెవినపడ్డాక ఆయన ఇంక నిలవలేడు. కుర్చీ లాక్కుని, జేబులోంచి కళ్లజోడు తీశాడు.

సంగతేమిటంటే, మా పాత ల్యాప్‌టాప్ తెరుచుకునేలోగా బియ్యం కడిగి ఎసట్లో వేసి రావచ్చు. దానికి పప్పీ లినక్స్ ఎక్కిద్దామని నా ఆలోచన. 2003లో ఆస్ట్రేలియాలో బ్యారీ కాలర్ అనే ఆయన మొదలుపెట్టిన బుల్లి సిస్టమ్ అది. కొన్ని వందల ఎంబీలే. మొత్తం ర్యామ్‌లోకెక్కి కూర్చుని చకచకా పనిచేస్తుంది. కానీ అసలు డిస్కు మీద ఒక్కసారిగా చెయ్యి వేయడానికి ధైర్యం చాల్లేదు. అందులో మా పెళ్లి ఫోటోలున్నాయి. అవి పోతే డిస్కుతో పాటు కాపురానికీ పార్టిషన్ పడుతుంది. అందుకని ముందు వర్చువల్‌బాక్స్‌లో ఓ ఉత్తుత్తి కంప్యూటరు, దానికో ఉత్తుత్తి డిస్కు.

"మొత్తం ఎంత?"

"ఎనిమిది జీబీ. కాకపోతే వాడినకొద్దీ పెరిగే రకం. ప్రస్తుతం అసలు డిస్కు మీద రెండు ఎంబీలే ఆక్రమించింది."

"కాగితం మీద ఎనిమిదెకరాలు, నేల మీద రెండు గజాలు. నా సర్వీసులో ఇలాంటి పాస్‌పుస్తకాలు చాలా చూశాన్లే."

ఆ ఉత్తుత్తి కంప్యూటర్ని పప్పీ ఐఎస్‌ఓ ఫైలుతో లేపి, డిస్కుని భాగాలు చేసే జీపార్టెడ్ తెరిచాను. ముందు పార్టిషన్ టేబుల్ పెట్టాలి. అంటే మామయ్య భాషలో ఎఫ్‌ఎంబీ, అదే పొలం కొలతల పటం, గీసినట్టన్నమాట. పాత పద్ధతి టేబులే ఎంచుకున్నాను. డిస్కు మొదటి సెక్టారులో 64 బైట్ల జాగా, ఒక్కో భాగానికి 16 బైట్లు. లెక్క ప్రకారం నాలుగే ప్రైమరీ భాగాలు.

"మా తాతకి ఐదుగురు కొడుకులురా. ఐదోవాడెక్కడికి పోతాడు?"

"ఒక భాగానికి ఎక్స్‌టెండెడ్ అని పేరు పెట్టి, దాని లోపల ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చు."

"మండువా లోగిలి. వీధి గుమ్మం ఒకటే, లోపల వాటాలు."

నిజానికి నాకు కావలసినవి రెండే ముక్కలు, నాలుగులోపే సరిపోతాయి. అయినా ఆయన ముందు నా విద్య చూపించుకోవాలిగా! పప్పీకి ఏడు జీబీ ప్రైమరీ, మిగిలినదానికి ఎక్స్‌టెండెడ్, దాని లోపల స్వాప్. ఖాయం చేశాక పడబోయే నంబర్లు ముందే చెప్పాను: ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2, ఎస్‌డీఏ5.

మామయ్య కళ్లజోడు పైకెత్తాడు. "మూడూ నాలుగూ ఏవి?"

"లేవు. లోపలి వాటాలకి ఎప్పుడూ ఐదు నుంచే నంబర్లు."

"సబ్‌డివిజన్‌లో రెండు నంబర్లు మాయమైతే మా ఆఫీసులో మెమో ఇచ్చేవాళ్లు." ఆ అనుమానం ఆయనకి చివరిదాకా తీరలేదు. "సరే, ఆ ఒక్క జీబీ ఎందుకు బీడు పెట్టావ్?"

"స్వాప్ మామయ్యా. ర్యామ్ నిండిపోతే సరుకు తెచ్చి అక్కడ పోస్తుంది."

"కళ్లం అని చెప్పొచ్చుగా!"

స్వాప్ గురించి నేను చదివిన పేజీలన్నీ ఆ ఒక్క మాట ముందు దండగే.

టేబుల్ తప్ప, ఇంతవరకూ చేసిన భాగాలన్నీ అగ్రిమెంటు దశలోనే ఉన్నాయి. ఆకుపచ్చ టిక్కు నొక్కితేనే రిజిస్ట్రేషను. నొక్కబోతుంటే, డేటా పోవచ్చు, ఖాయమేనా అని అడిగింది. ఏ డేటా? పుట్టి పావుగంట కాని డిస్కు! అయినా గుండె జారింది. ఇది ఉత్తుత్తిదో అసలుదో రెండుసార్లు చూసుకుని, మామయ్య చూడకుండా అరచెయ్యి లుంగీకి తుడుచుకుని నొక్కాను.

పప్పీని ఏడు జీబీలోకి దింపాను. సీడీ స్థానంలో తగిలించిన ఐఎస్‌ఓ ఫైలు తీసేసి మళ్లీ స్టార్ట్ చేశాను. నల్లటి తెర. బూట్ కాలేదని ఇంగ్లిషులో ఒక్క ముక్క. ఇంకేమీ లేదు.

భాగాలు సరిగ్గానే ఉన్నాయి, ఫైళ్లూ ఉన్నాయి. మరి ఏమొచ్చింది? మామయ్య కాఫీ చివరి గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, తాపీగా అడిగాడు.

"పుంత వదిలావా?"

"ఏవిటీ?"

"దారిరా! చేను కొలిచావు, రాళ్లు పాతావు, విత్తనం కూడా చల్లావు. బండి ఎటునుంచి వెళ్తుంది?"

బూట్‌లోడరు! అది పెట్టడమే మర్చిపోయాను. మళ్లీ ఐఎస్‌ఓ తగిలించి, లోపలికెళ్లి, మొదటి భాగానికి బూట్ ఫ్లాగు పెట్టి, బూట్‌లోడరు వేసి వచ్చాను. ఈసారి తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తాయి. రంగు రంగుల డెస్క్‌టాప్ వచ్చింది. పేరుకి తగ్గట్టు పప్పీ స్పీకర్లోంచి "భౌ భౌ" మంది.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

"ఏవండీ, మామయ్యగారొచ్చాక గేటు వేశారా? కుక్క లోపలికొచ్చినట్టుంది!"

"వచ్చిందమ్మా," అన్నాడు మామయ్య, తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "దారి నేనే చూపించాను."