ఒకటే వాక్యం

చిలకలూరిపేట దగ్గర మా బాబాయికి ఎకరన్నర పత్తి చేను ఉండేది. దాయాదులు వేసిన దావాలో కింది కోర్టు తీర్పు వాళ్ళకు అనుకూలంగా వచ్చింది. పై కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. వారం తిరక్కముందే ప్లీడరు గారికి కాగితాలూ ఫీజూ ఇచ్చేసి, బాబాయి పత్తితీతల పనిలో పడిపోయాడు.

అప్పీలు దాఖలయ్యేసరికి గడువు దాటి 11 రోజులైంది. గుమాస్తా డైరీలో తేదీ తప్పు రాశాడు, ప్లీడరు గారు సరిచూసుకోలేదు.

ఇలాంటప్పుడు ఆలస్యాన్ని మన్నించమంటూ, కక్షిదారుకు కామెర్లొచ్చి మంచాన పడ్డాడని అఫిడవిట్ రాయించడం కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకు తెలిసిందే. ప్లీడరు గారు ఆ పని చెయ్యలేదు. "లేని జబ్బు నేను రాయను. గడువు తేదీ చూసుకోకపోవడం నా నిర్లక్ష్యం అని నేనే ప్రమాణం చేసి రాస్తాను" అన్నారు. బాబాయి కళ్ళు చెమర్చాయి. ఇంత నిజాయితీ గల మనిషిని చూళ్ళేదని ఊళ్ళో పదిమందికీ చెప్పుకున్నాడు.

అప్పీలు నిలవలేదు. చేను పోయింది.

బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసిపెట్టింది నేనే. 1961 నాటి అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద ప్లీడరును మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, జాబితా నుంచి పేరే తీసెయ్యవచ్చు. నేను మందలింపే కోరాను. ఫీజు బాకీ కోసం కక్షిదారు ఫైళ్ళు పట్టి ఉంచిన ఒక ప్లీడరు విషయంలో సుప్రీంకోర్టు 2000లో 18 నెలల నిషేధాన్ని మందలింపుకు తగ్గించింది, కానీ తప్పు కాదని మాత్రం అనలేదు. మాకూ తప్పు అన్న ఆ ఒక్క మాట చాలు.

బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ విచారణలో బాబాయిని అడిగారు: ఆయన నీ డబ్బు తిన్నాడా? అవతలివాళ్ళతో కలిసిపోయాడా?

"లేదండీ. అబద్ధమాడితే కళ్ళు పోతాయి" అన్నాడు బాబాయి.

ఏడాదికి ఆర్డరు వచ్చింది. బాబాయి పై కోర్టు పాత ఆర్డరు కూడా పట్టుకొచ్చి, రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి, తెలుగులో చదివి చెప్పమన్నాడు.

పై కోర్టుది ముందు చదివాను. 'గడువు తేదీ చూసుకోకపోవడం నా నిర్లక్ష్యం' అని ప్లీడరే ఒప్పుకున్నారు. నిర్లక్ష్యం తగిన కారణం కాదు కాబట్టి ఆలస్యాన్ని మన్నించలేం.

తర్వాత కమిటీది. 'గడువు తేదీ చూసుకోకపోవడం నా నిర్లక్ష్యం' అని ప్లీడరే ఒప్పుకున్నారు. దురుద్దేశం లేని ఒట్టి నిర్లక్ష్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కాదని 1963లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఫిర్యాదు కొట్టేస్తున్నాం.

బాబాయి రెండు కాగితాలూ అరుగు మీద పక్కపక్కన పెట్టుకుని, ఆ వాక్యం ఎక్కడుందో రెంటిలోనూ వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను.

"ఒకటేనా?"

"ఒకటే బాబాయ్."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

"నాకు కామెర్లొచ్చాయనే రాయించుకోవాల్సిందిరా."