ఇరవై కిలోల నేను

ప్లేటు ఒక్కటీ తగిలించకముందే నా బరువు 20 కిలోలు. ఆ సంగతి తెలియని కుర్రాళ్ళు నన్ను ‘ఖాళీ రాడ్డు’ అంటారు. పొడవు 2.2 మీటర్లు, పట్టుకునేచోట మందం 28 మిల్లీమీటర్లు. చెయ్యి జారకుండా అక్కడ గరుకు చెక్కారు. నా రెండు చివర్లూ వాటంతటవే తిరుగుతాయి. అందుకే నన్ను విసురుగా భుజాలమీదికి తిప్పుకున్నా ప్లేట్ల ఊపు మణికట్టును మెలిపెట్టదు.

నేనుండేది శ్రీకాకుళంలో ఓ చిన్న జిమ్ములో. గోడమీద కరణం మల్లీశ్వరి ఫొటో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ మొదలైంది 2000లో, సిడ్నీలోనే. అక్కడ ఆవిడ స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి కాంస్యం తెచ్చింది. కొత్తగా చేరినవాడికి ఆ ఫొటోలో కనిపించేది 130 అంకె ఒక్కటే.

“ఏటి సార్, ఇదా? వంద వెయ్యండి!”

“ముందు దీంతో అయిదుసార్లు కూర్చుని లేవరా, చూద్దాం,” అంటాడు కోచ్. అనేసి ఎదురుగా నిలబడడు, పక్కకు వెళ్తాడు. నేను పాదం నడిమి భాగానికి సరిగ్గా పైన, నిట్టనిలువుగా దిగి లేస్తున్నానా లేదా అన్నది పక్కనుంచే తెలుస్తుంది. వేళ్ళవైపు జరిగానంటే ఆ భారం నడుము మోస్తోందన్నమాట.

మడమలు లేస్తే చాలామంది కోచ్‌లు “మడమ దించు, మడమ దించు” అని అరుస్తారు. మావాడు మడమల కింద రెండు చిన్న ప్లేట్లు పెడతాడు. స్క్వాట్, అంటే ఆ కూర్చుని లేవడం, వెంటనే కుదిరిందా, బిగుసుకున్నది చీలమండ. కుదరలేదా, తుంటినీ నడుము పట్టునూ చూడాలి. తొడ ఎముక పొడుగ్గా ఉన్నవాడు ముందుకు వంగక తప్పదు. దాన్ని తప్పుగా లెక్కేసి నిటారుగా నిలబెట్టాలని చూసే కోచ్‌లంటే నాకు ఒళ్ళు మంట.

నన్ను నేలమీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్‌లో నాదో ఇబ్బంది. 450 మిల్లీమీటర్ల పెద్ద ప్లేట్లుంటేనే నేను పిక్కల మధ్యదాకా వస్తాను. అవి లేకపోతే నేలకు అతుక్కుని ఉంటాను, నన్ను అందుకోబోయి కొత్తవాడి వెన్ను గుండ్రంగా వంగిపోతుంది. కాబట్టి నన్ను దిమ్మలమీద పెట్టి, తుంటి దగ్గర మడవడం నేర్పుతారు. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ పాలు కొత్త కండది కాదు, ఉన్న కండను పనికి పిలవడం నేర్చుకుంటున్న నాడులది. అప్పుడు ఎలా కదిలితే అదే ఒంటికి అలవాటవుతుంది. వంకరగా కదిలితే ఆ వంకరే.

ఇంతా విని, బరువు వెయ్యకపోవడమే పద్ధతి అనుకునే కోచ్‌లూ ఉన్నారు. నెలల తరబడి రబ్బరు బ్యాండ్లు, బంతులు, ‘ఫామ్ ఇంకా కుదరలేదు’ అనే మాట. నేను మూలన పడి ఉంటాను. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనిక ఆసుపత్రిలో థామస్ డెలోర్మ్ అనే డాక్టరు, మోకాళ్ళు దెబ్బతిన్న సైనికుల చేత బరువులు ఎత్తించాడు, క్రమంగా పెంచుకుంటూ పోయాడు. ఆ పద్ధతి గురించి 1945లో రాశాడు కూడా. గాయపడ్డ కాలికే భారం కావాల్సివచ్చినప్పుడు, నిక్షేపంలాంటి కాలికి బంతులెందుకో నాకు అర్థం కాదు.

మావాడి లెక్క సులువు. అయిదోసారి మొదటిసారిలాగే కనిపిస్తే అటో రెండున్నర, ఇటో రెండున్నర. లేకపోతే అదే బరువు. మోకాలు లోపలికి పడుతుంటే కొంత తీసేయడం. నొప్పి అంటే మాత్రం ఆపేసి డాక్టరు దగ్గరికి పంపుతాడు, ఆ విషయంలో బేరాల్లేవు.

ఈ లెక్క నచ్చక నిన్న ఓ కుర్రాడు పక్కవీధి జిమ్ముకి పోతానని బ్యాగు సర్దుకున్నాడు. పోనీండి. అక్కడి రాడ్డు బరువూ 20 కిలోలే.