అట్ట దాటితే గొప్పే!

‘వేయిపడగలు’ నవల చదివారా అని అడిగి చూడండి. ‘ఇంట్లో ఉందండీ’ అంటారు చాలామంది. అది జవాబు కాదు, ఆస్తి వివరం.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. 2014లో అమెరికా గణిత ఆచార్యుడు జోర్డన్ ఎలెన్‌బర్గ్ సరదాగా ఓ లెక్క కట్టాడు. కిండిల్‌లో పాఠకులు ఎక్కువగా గీతలు గీసుకున్న ఐదు వాక్యాలు ఏయే పేజీల్లో ఉన్నాయో చూసి సగటు తీశాడు; మొత్తం పేజీల్లో అది ఎంత శాతమో లెక్కేశాడు. స్టీఫెన్ హాకింగ్ ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’కి వచ్చింది 6.6 శాతం. పాపం, ఆ సూచీకి పేరే హాకింగ్ సూచీ! థామస్ పికెటీ ‘క్యాపిటల్’కి మరీ 2.4. సుమారు 700 పేజీల పుస్తకంలో సగటున పదిహేడో పేజీకే పెన్సిళ్లు అలిసిపోయాయన్నమాట. ఇది శాస్త్రీయం కాదని ఆయనే ఒప్పుకున్నాడు లెండి.

అమెరికాలోనే నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ఇంకాస్త దయ చూపింది. యాభై ఏళ్ల లోపువారు 50 పేజీలు చదివి, నచ్చకపోతే మూసేయొచ్చు. ఆపై వయసువారు 100లోంచి తమ వయసు తీసేస్తే చాలు: డెబ్బై ఏళ్ల పెద్దాయనకు 30 పేజీలే. నిండు నూరేళ్లవారు అట్ట చూసే తీర్పు చెప్పేయొచ్చట.

మన ఆవిష్కరణ సభల వక్తలకు అంత వయసు అక్కర్లేదు. ‘పుస్తకం పూర్తిగా చదవడం కుదర్లేదు గానీ...’ అంటూ మైకు అందుకుంటారు. ముప్పావుగంట తర్వాత నిర్వాహకులే శాలువాతో వెనక నిలబడాలి.